ఆటల వ్యాపారం, సర్కారు చట్టం, నా పాసుపుస్తకం

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా ముదిగుబ్బలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది సర్కారు దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు హక్కుగా వచ్చేది అని తేల్చింది. ముందు మాట్లాడినవారు డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి వివరంగా చెప్పారు. వాటి జోలికి నేను పోను. కార్యదర్శి గారు నాకు వేరే విషయం ఇచ్చారు. "సెల్లులో ఆడే ఆటల మీద ఢిల్లీలో చట్టం చేసినారు గదా సార్, దాన్ని గురించి మీరే చెప్పల్ల. మీకు అనుభవం ఉండాది" అన్నారు. అనుభవం అని ఆయన ఎందుకన్నారో ఇక్కడున్న నలుగురైదుగురికి తెలుసు. మిగిలినవారికి ఈ పూట తెలుస్తుంది. సిగ్గుపడే వయసు దాటిపోయింది కాబట్టి చెప్పేస్తాను.

2020లో ఆరునెలలు, 2021లో ఒక పదిహేను రోజులు, నేను సెల్‌ఫోనులో డబ్బు పెట్టి రమ్మీ ఆడాను. పోగొట్టుకున్నది 1,86,400 రూపాయలు. పాసుపుస్తకం చూసి కూడిన లెక్క ఇది, ఉజ్జాయింపు కాదు. ఆ సొమ్ము రిటైరైనప్పుడు వచ్చినదానిలోంచి మా కూతురి కూతురి చదువుకని తీసి బ్యాంకులో వేసిన డిపాజిట్టు.

పేకాట నాకు కొత్త కాదు. 1973లో ఎల్.డి.సి.గా చేరినప్పటి నుంచి ఆదివారం సాయంత్రం నలుగురం కూర్చునేవాళ్ళం. పాయింటుకు పైసా. నెలంతా ఓడినవాడికి పది రూపాయలు పోతే అదే పెద్ద వార్త. గెలిచినవాడు టీలు తెప్పించాలి. మూడుముక్కలాట ఎవరైనా వేద్దామంటే మా సూపరింటెండెంటు గారు లేచి వెళ్ళిపోయేవారు. "అది జూదమప్పా, ఇది లెక్క" అనేవారు. రమ్మీ నేర్పు ఆట అని సుప్రీంకోర్టే చెప్పిందని కూడా ఆయనే చెప్పారు. ఆ మాట నా తలకాయలో నలభై ఏండ్లు ఉండిపోయింది. నన్ను ముంచింది కూడా ఆ మాటే.

2020 ఉగాదినాడు లాక్‌డౌను పెట్టినారు. బయటికి పోయేది లేదు, సంఘం గది తాళం. పక్కింటి పిల్లవాడు ఫోనులో రమ్మీ పెట్టి ఇచ్చాడు. మొదట కంపెనీవాడే కొంత సొమ్ము ఉత్తినే ఖాతాలో వేశాడు. రెండు రోజులు గెలిచాను. మూడో వారానికి నేను రాత్రి రెండు గంటలకు కూడా ఆడుతున్నాను. ఇంటామెకు నిద్రపట్టక జపం చేసుకుంటున్నానని చెప్పాను. దేవుడు క్షమించాలి.

అదే ఏడు మా మనవరాలు ఇంటర్ ముగించింది. కదిరిలో ఉంటారు వాళ్ళు. ఇంజనీరింగు వద్దు, యానిమేషన్, గేమ్ డిజైన్ చదువుతాను అంది. అల్లుడు నన్ను సలహా అడిగాడు. నేనేమన్నానో వినండి. "ఆటలు తయారుచేసేది ఒక ఉద్యోగమా? ఆడపిల్లను ఆటలపాలు చేస్తామా?" అన్నాను. ఆ మాట అన్న రాత్రి కూడా నేను ఆడాను. ఆ అమ్మాయి ఫీజు సొమ్మే పెట్టి ఆడాను.

ఇక చట్టం సంగతికి వస్తాను. మీలో చాలామంది రెవెన్యూలో, కోర్టులో, ఖజానాలో పనిచేసినవారు. ఫైలు మొదటి కాగితం నుంచి చూస్తేనే మనకు తృప్తి.

జూదం, పందేలు అనేవి రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో, 34వ పద్దులో ఉన్నాయి. మన రాష్ట్రానికి 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది. పేకాట శిబిరాల మీద దాడి, మట్కా చీటీలు రాసేవాళ్ళను పట్టుకోవడం, అన్నీ దాని కిందే. నేర్పుతో మాత్రమే ఆడే ఆటలకు ఆ చట్టంలో మినహాయింపు ఉండేది. అంటే కేసంతా ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చేది: నేర్పా, అదృష్టమా?

టీవీకి తగిలించి ఆడే వీడియో గేములు పట్టణాలకు వచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. బస్టాండు దగ్గర ఒక గది, నాలుగు టీవీలు, గంటకింత అని అద్దె. బడి ఎగ్గొట్టి పిల్లలు అక్కడే. నేను అప్పుడు పనిచేస్తున్న ఆఫీసుకు ఒక పంతులుగారు అర్జీ పెట్టారు, దాన్ని మూయించమని. ఫైలు నా సీటుకు వచ్చింది. సినిమా చట్టం కిందికి వస్తుందా? సినిమా కాదు. గేమింగ్ చట్టం కిందికి వస్తుందా? పందెం లేదు. దుకాణాల చట్టమా? అది కార్మిక శాఖ చూసుకోవాలి. మూడు పేజీల నోటు రాసి, చివరికి ఎల్.డిస్. వేసి మూసేశాం. అంటే ఏడాది దాటితే చించి పారేసే కాగితమని మీకు నేను చెప్పక్కర్లేదు. (నవ్వులు)

మనం చించేసిన ఆ ప్రశ్నను బెంగుళూరులో చించలేదు. అక్కడ 1989లో వినోదస్థలాల లైసెన్సు ఉత్తర్వు తెచ్చి, వీడియో గేములు పెట్టేవాళ్ళు పోలీసు లైసెన్సు తీసుకోవాలన్నారు. యజమానులు కోర్టుకు వెళ్ళారు. 1995 ఏప్రిల్‌లో ఎం.జె. శివాని కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపే తీర్పు చెప్పింది. యంత్రాన్ని యజమాని తనకు అనుకూలంగా మార్చుకునే వీలుందని, అప్పుడు ఆడేవాడి నేర్పు ఎందుకూ పనికిరాదని, కాబట్టి నియంత్రణ ఉండవచ్చని దాని సారాంశం. డబ్బు తీసుకుని ఆడించే యంత్రం ఎవరి చేతిలో ఉందో చూడాలన్న మాట ముప్పై ఏండ్ల కిందటే వచ్చింది. అప్పటికి యంత్రం ఒక గదిలో ఉండేది. ఇన్‌స్పెక్టరు వెళ్ళి చూడగలిగేవాడు. ఇప్పుడు అది మన చొక్కా జేబులో ఉంది, దాని మీట ఎక్కడో ఉంది.

తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. మన రాష్ట్రం 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి 1974 చట్టాన్ని సవరించింది. ఆన్‌లైన్లో డబ్బుతో రమ్మీ, పోకరు ఆడించకూడదు, ఆడకూడదు. ఒకరోజు పొద్దున ఫోను తెరిస్తే, మీ రాష్ట్రంలో ఈ ఆట లేదు అని వచ్చింది. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. సుప్రీంకోర్టు నేర్పు అన్నదాన్ని ఆపడానికి వీళ్ళెవరు అని సంఘం గదిలో వాదించాను. విన్నవాళ్ళు ఇక్కడే కూర్చుని నవ్వుతున్నారు.

2021 సంక్రాంతికి బెంగుళూరులో మా అబ్బాయి దగ్గరికి పోయాము. కదిరి, గోరంట్ల మీదుగా బస్సు. కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి వచ్చేసరికి కిటికీ పక్కన కూర్చుని ఫోను తెరిచాను. ఆట తెరుచుకుంది! అప్పటికి కర్ణాటకలో నిషేధం లేదు. వాళ్ళు ఆ ఏడు అక్టోబరులో చట్టం తెస్తే, 2022 ఫిబ్రవరిలో వారి హైకోర్టు దాన్ని కొట్టివేసింది. శెనక్కాయల లారీని చెక్‌పోస్టులో ఆపవచ్చు. సెల్లులో వచ్చే సంకేతానికి గేటు దించేదెట్లా? రాష్ట్రాల వారీ చట్టంతో ఇది తెమిలే పని కాదని నాకు ఆ బస్సులోనే అర్థమై ఉండాలి. అర్థం కాలేదు. అబ్బాయి ఇంట్లో ఉన్న పదిహేను రోజుల్లో 71,000 పోయింది. పైన చెప్పిన మొత్తంలో ఇది కూడా కలిసి ఉంది.

ఊరికి వచ్చి నేను చేసిన పని, గుమస్తా చేసే పనే. ప్రభుత్వానికి ఒక విజ్ఞాపన రాయాలనుకున్నాను, నిషేధం ఎత్తివేయమని. సుప్రీంకోర్టు తీర్పు తేదీ, నంబరు వేసి రాస్తే బలంగా ఉంటుందని, కదిరి కోర్టులో నాకు తెలిసిన వకీలు గారి దగ్గర తీర్పు ప్రతి తెచ్చుకున్నాను. నలభై ఏండ్లుగా నేను ఇతరుల నోట విన్న తీర్పును మొదటిసారి నా కళ్ళతో చదివాను.

అది మన కేసే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ మధ్య కేసు. సికిందరాబాదులో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద 1963 మే నెలలో పోలీసులు దాడి చేశారు. అక్కడ రమ్మీ ఆడుతున్నారు. కేసు పెట్టింది నిజాం కాలపు హైదరాబాదు జూద చట్టం కింద. 1305 ఫసలీ చట్టం. ఫసలీకి 590 కలపడం మనకు చెప్పాలా? మేజిస్ట్రేటు శిక్ష వేశారు. హైకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వం అప్పీలుకు వెళ్ళింది. 1967 నవంబరు 22న జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాశారు. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక అది మూడుముక్కలాట వంటిది కాదు, ప్రధానంగా నేర్పు ఆట అన్నారు. ఇంతవరకు మా సూపరింటెండెంటు గారు చెప్పిందే.

కాని తీర్పు అక్కడ ఆగలేదు. క్లబ్బు వాళ్ళు కుర్చీకి, దీపానికి, ముక్కలకు రుసుము తీసుకున్నంత మాత్రాన తప్పు కాదన్నారు. ఆ తరువాత, క్లబ్బుగానీ ఇంటి యజమానిగానీ పందెం పెట్టిన ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు సాక్ష్యం ఉంటే, అది రమ్మీ అయినా సరే, నేరం కావచ్చు అని రాశారు. ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. రమ్మీ కంపెనీల ప్రకటనల్లో మొదటి సగం పెద్ద అక్షరాల్లో ఉండేది. రెండో సగం నేను చూసిన ప్రకటనల్లో ఎక్కడా లేదు. ఆర్డరు ఆఖరి పేరా చదవకుండా సంతకం పెట్టకూడదని కొత్తగా చేరిన గుమస్తాలకు నేర్పినవాడిని నేను!

ఆ రాత్రి పెన్షను స్లిప్పు వెనక లెక్క వేశాను. మీరూ వేయండి. నలుగురు సమానమైన నేర్పరులు. ఒక్కొక్కరు ఆటకు వంద పెడతారు. బల్ల మీద 400. కంపెనీ నూటికి పది తన కమీషను తీసుకుంటుంది. గెలిచినవాడికి 360. ఇట్లా పది ఆటలు ఆడితే ఎవరు గెలిచినా ఎవరు ఓడినా కంపెనీకి 400 చేరింది. నలుగురి జేబుల్లోనూ కలిపి 400 తగ్గింది. వందేసి తెచ్చుకున్నవాళ్ళు నలుగురూ, అందరినీ కలిపి చూస్తే, ఖాళీ. మా ఆదివారం బల్లమీద ఒకడి పది రూపాయలు ఇంకొకడికి పోయేవి, టీ రూపంలో తిరిగి వచ్చేవి. ఇక్కడ ప్రతి ఆటకూ బల్లకే చిల్లి ఉంది. నేర్పు ఎంత ఉంటే ఏం? విజ్ఞాపన చించేశాను. ఇంటామెకు ఆ మర్నాడు చెప్పాను. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, "పాప ఫీజుకు ఏంజేస్తావ్?" అని మాత్రం అడిగింది.

పాప ఫీజుకు అల్లుడు బ్యాంకు అప్పు తీసుకున్నాడు. నేను నెలకు 5,000 చొప్పున పెన్షనులోంచి ఇస్తూ తీరుస్తున్నాను. ఇంకా కొంత ఉంది.

కేంద్రం సంగతి కొంచెం చెప్పాలి. 2022 డిసెంబరులో ఆన్‌లైన్ ఆటల వ్యవహారాన్ని ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖకు అప్పగించారు. ఈ-స్పోర్ట్స్, అంటే పోటీలుగా ఆడే వీడియో ఆటలు, క్రీడల శాఖకు ఇచ్చారు. 2023 ఏప్రిల్‌లో నియమాలు తెచ్చి, పరిశ్రమ వాళ్ళే స్వీయ నియంత్రణ సంఘాలు పెట్టుకుని, ఏ డబ్బు ఆట మంచిదో సర్టిఫికెట్టు ఇస్తారన్నారు. ఆ సంఘాలు ఏర్పడనే లేదు. అదే ఏడు అక్టోబరు 1 నుంచి మాత్రం, పెట్టిన మొత్తం సొమ్ము మీద 28 శాతం జి.ఎస్.టి. వేశారు. ఒక శాఖ ఇది నేర్పు ఆట, సర్టిఫికెట్టు ఇద్దాం అంటుంది. ఇంకో శాఖ గుర్రప్పందెంతో సమానంగా పన్ను గుంజుతుంది. రాష్ట్రం జైలు అంటుంది. ఒకే ఫైలు మూడు సెక్షన్లలో మూడు రంగుల ట్యాగులతో తిరుగుతుంటే ఏమవుతుందో మనకు అనుభవమే.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల ప్రోత్సాహక, నియంత్రణ చట్టం చేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. మన సర్వీసు ఫైళ్ళు ఆ వేగంతో కదిలి ఉంటే ఎంత బాగుండేది! ఈ చట్టం ఆటలను మూడు రకాలు చేసింది. ఒకటి ఈ-స్పోర్ట్స్. రెండు, సరదాకో చదువుకో ఆడే సామాజిక ఆటలు. మూడు, గెలిస్తే డబ్బు వస్తుందన్న ఆశతో డబ్బు పెట్టి ఆడేవి. మూడో రకాన్ని పూర్తిగా నిషేధించింది, అది నేర్పయినా సరే, అదృష్టమయినా సరే. ఆడించేవాడికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలిచ్చేవాడికి రెండేండ్లు, 50 లక్షల వరకు. బ్యాంకులు ఆ చెల్లింపులు చేయకూడదు. ఆడినవాడికి శిక్ష లేదు. అతన్ని బాధితుడిగా చూశారు. అరవై ఏండ్లు కోర్టులను తిప్పిన నేర్పా, అదృష్టమా అన్న ప్రశ్నను ఈ చట్టం పక్కనపెట్టి, సొమ్ము ఎటు పోతోంది అని అడిగింది. సికిందరాబాదు తీర్పు ఆఖరి పేరా దగ్గరికి 58 ఏండ్లకు వచ్చామని నేననుకుంటాను. వకీళ్ళు ఒప్పుకోకపోవచ్చు. కంపెనీలు హైకోర్టులకు వెళ్ళాయి, ఆ కేసులను సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది. ఆ వాదనలోకి నేను పోను.

ఏటా 45 కోట్లమంది 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వ అంచనాగా పత్రికల్లో వచ్చింది. భాగించి చూశాను. మనిషికి 444 రూపాయలు. ఇంతేనా అనిపిస్తుంది. సరాసరి లెక్క అంతే. మండలం సరాసరి వర్షపాతం బాగుందని రాసిన ఏడు కూడా మన చేలలో కాయలు ఊరకపోవడం చూడలేదా?

నిషేధం వల్ల నష్టం లేదని నేను అనను. ఆ కంపెనీల్లో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లలు వీధిన పడ్డారు. తలుపు మూస్తే కిటికీలోంచి వచ్చే విదేశీ ఆటలు ఉన్నాయి. వాటికి డబ్బు ఎవరో ముక్కూమొహం తెలియనివాడి యు.పి.ఐ.కి పంపమంటారు. అయినా నా ఓటు నిషేధానికే.

నా అసంతృప్తి అంతా చట్టం పేరులోని మొదటి మాట మీద. ప్రోత్సాహకం అన్నారు. నిషేధానికి సెక్షన్లు, శిక్షలు, అంకెలు అన్నీ ఉన్నాయి. ప్రోత్సాహానికి ఎంత సొమ్ము, ఎవరికి, ఏ దరఖాస్తు మీద అన్నది చట్టంలో లేదు. 2025 అక్టోబరులో నియమాల ముసాయిదాను అభిప్రాయాలకు పెట్టారు. బడ్జెట్టు పద్దు లేని పథకం ఎట్లా నడుస్తుందో మనకంటే ఎవరికి తెలుసు?

దీనికి ప్రోత్సాహం ఎందుకు అని నేనూ అడిగాను, మా మనవరాలినే. 2024లో చదువు ముగించి హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేరింది. కిందటి దసరాకు వచ్చినప్పుడు నన్ను, "తాతా, ఒకచోటికి పోదాం రా" అని బండి మీద ఎక్కించుకుని నిమ్మలకుంట తీసుకెళ్ళింది. ధర్మవరం దగ్గరి ఊరు, తోలుబొమ్మల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇన్నేండ్లు పక్కనే ఉండి నేను ఆ ఊరికి ఓటర్ల జాబితా పని మీద తప్ప పోలేదు.

అక్కడ ఒకాయన తోలు మీద హనుమంతుని బొమ్మ చేస్తున్నారు. తల వేరు, మొండెం వేరు, మోచేయి దగ్గర ఒక ముక్క, మణికట్టు దగ్గర ఒక ముక్క. అన్నిటినీ దారంతో ముడివేసి, పుల్లలు కట్టి, తెర వెనక దీపం పెట్టి కదిలిస్తారు. మనవరాలు నా చేతిలోంచి ఫోను తీసుకుని తాను పనిచేస్తున్న ఆట చూపించింది. ఆ బొమ్మకూ తల వేరు, చేయి వేరు, కీలు దగ్గర ముడి. "ఇదే పని తాతా. పుల్ల బదులు కంప్యూటరు. నువ్వు ఆడింది నా పని కాదు. అది బల్ల. ఇది బొమ్మ" అంది. నేను ఏమీ అనలేదు. నాకు తెలిసిందని దానికి తెలుసు. ఆ అమ్మాయికి ఫీజు సంగతి కూడా ఎప్పటినుంచో తెలుసట. వాళ్ళ అవ్వ చెప్పేసింది.

అట్లాంటి బొమ్మ చేయడానికి ఇరవైమంది రెండు మూడేండ్లు కూర్చోవాలి. అన్నాళ్ళూ ఆదాయం లేదు. బ్యాంకు పోతే తాకట్టు ఏమిటని అడుగుతారు. మగ్గమయితే చూపించవచ్చు. కంప్యూటరులోని బొమ్మను ఏ రిజిస్టరులో రాస్తారు? పూణెలో ఒక చిన్న సంస్థ పురాణాల లోకంలో ఒక ఆడపిల్ల కథగా 'రాజీ' అనే ఆట చేసి 2020లో విడుదల చేస్తే దేశదేశాల్లో ఆడారు. అట్లాంటివి మనదగ్గర వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. మన పిల్లలు ఎక్కువగా చేసేది పరాయి కంపెనీల ఆటలకు కూలిపని, చీరె వేరొకరిది, నేత మనది అన్నట్టు.

బయటిదేశాలు దీన్ని పరిశ్రమగానే చూశాయి. కెనడాలో క్యుబెక్ రాష్ట్రం, జీతాల్లో కొంత భాగం మేము భరిస్తామని చెప్పి 1997లో యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీని మాంట్రియల్‌కు తెచ్చుకుంది. ఆ ఊరు ఇప్పుడు ఆటల తయారీకి పేరుమోసిన కేంద్రం. బ్రిటన్ 2014 నుంచి పన్ను రాయితీ ఇచ్చింది. మనదగ్గర తెలంగాణ 2016లో యానిమేషన్, గేమింగ్‌లకు ఒక విధానం ప్రకటించి, 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవరు అనే భవనానికి శంకుస్థాపన చేసింది. కేంద్రం 2022 బడ్జెట్టులో ఒక టాస్క్‌ఫోర్సు ప్రకటించింది, ముంబైలో ఒక జాతీయ విద్యాసంస్థ ఏర్పాటుకు 2024లో ఆమోదం తెలిపింది. మంచిదే. కాని భవనాలు కట్టడం సర్కారుకు సులువు. బిల్డింగుకు ఎస్టిమేటు ఉంటుంది, కాంట్రాక్టరు ఉంటాడు, శిలాఫలకం ఉంటుంది. కదిరిలోనో ధర్మవరంలోనో కూర్చుని బొమ్మ గీసే పిల్లకు రెండేండ్ల జీతం ఇవ్వడానికి శిలాఫలకం ఉండదు. నిమ్మలకుంట బొమ్మలు చేసేవారిని కొత్త ఆటలు చేసేవారితో కూర్చోబెట్టడానికి ఎంత ఖర్చవుతుంది? నాకు తోచిన ప్రోత్సాహం ఇది. మండలానికి పది రిపోర్టులు రాసిన చేతితో దీన్ని కూడా రాసి పంపాను. రసీదు వచ్చింది.

ఇక పిల్లల సంగతి. అమెరికాలో 1994 నుంచి, ఐరోపాలో 2003 నుంచి ఆటల డబ్బాల మీద ఏ వయసువారికో ముద్ర వేస్తున్నారు, మన సినిమాకు ఎ, యు/ఎ వేసినట్టు. దక్షిణ కొరియా 2011లో, పదహారేండ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్లో ఆడకూడదని చట్టం చేసింది. పిల్లలు పెద్దల పేర్లతో ఆడారు. 2022 జనవరికి దాన్ని ఎత్తేశారు. చైనా 2021 నుంచి మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవురోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఒక్క గంటే ఇచ్చింది. అదీ మన దేశంలో కుదిరే పని అనిపించదు.

నాకు వీటన్నిటికంటే పెద్ద చిక్కు వేరేచోట కనిపిస్తుంది. మా మనవరాలే చెప్పింది. ఆట ఉచితమే. కాని అందులో మూతపెట్టిన పెట్టె ఒకటి అమ్ముతారు. లోపల ఏముందో కొన్నాకే తెలుస్తుంది. మంచి కత్తి రావచ్చు, పనికిరానిది రావచ్చు. తిరిగి డబ్బు రాదు కాబట్టి చట్టం దృష్టిలో అది డబ్బు ఆట కాకుండా తప్పించుకుంటుందేమో. పదేండ్ల పిల్లవాడికి మాత్రం అది మట్కా చీటీయే. బెల్జియం 2018లో కొన్ని ఆటల్లోని అట్లాంటి పెట్టెలు జూద చట్టం కిందికే వస్తాయని చెప్పి తీయించింది. "మా కంపెనీలో కూడా పెట్టమని ఒత్తిడి ఉంటాది తాతా, జీతాలు దాన్నించే వస్తాయి" అంది. అక్కడే ప్రోత్సాహానికీ నియంత్రణకూ ముడి ఉంది. పెట్టుబడి దొరకని చిన్న కంపెనీ పెట్టెలు అమ్ముతుంది. సర్కారు ఆ పిల్లలకు జీతం దారి చూపకుండా పెట్టెలు వద్దంటే ఎవరు వింటారు?

ఇక చివరగా, ఆచరణ విషయం. మన వయసువాళ్ళం ఈ వలలో పడమని అనుకోవద్దు. మనకు నెల మొదటి వారంలో సొమ్ము పడుతుంది, పొద్దుపోదు, ఎవరికీ చెప్పుకోలేము. ఎవరైనా ఆట పేరుతో తెలియని ఖాతాకు సొమ్ము పంపించి ఉంటే వెంటనే 1930కి ఫోను చేయండి. గంటలు గడిచేకొద్దీ సొమ్ము దొరికే దారి మూసుకుపోతుంది. సిగ్గుపడి దాచుకుని కూర్చోవద్దు, నేను పదినెలలు దాచుకున్నాను.

ప్రతి శనివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా నేను సంఘం గదిలో ఉంటాను. ఎవరికీ చెప్పుకోలేనిది ఉంటే రండి, పాసుపుస్తకం తెచ్చుకోండి, ఇద్దరం కూర్చుని కూడుదాం. ఈమధ్య ఆదివారం బల్ల కూడా మళ్ళీ మొదలుపెట్టాము. పాయింటుకు పైసా చెల్లదు కాబట్టి ఓడినవాడు టీ తెప్పించాలి. ఒక కుర్చీ ఖాళీ ఉంది.